కొరియా బడిలో నా గొంతు

మొన్న ఆదివారం మధ్యాహ్నం భోజనాలయ్యాక మా మనవరాలు చాప మీద బోర్లా పడుకుని ఫోనులో కొరియా సీరియల్ చూస్తుంటే, నేను పక్కనే గోడకు ఆనుకుని చింతపండు గింజలు తీస్తున్నాను. ఆ సీరియల్లో ఎవరో పెద్దావిడ గుమ్మంలోకి వచ్చి, నమస్కారమంటూ "అన్యోంగ్‌హాసెయో" అంది. అంతే, నా చేతులు ఆగిపోయాయి, నడుము దానంతటదే ముందుకు వంగింది, తల కిందికి దిగింది. ఇన్నేళ్ల తర్వాత కూడా ఒంట్లో ఎక్కడో ఆ వంగడం మిగిలి ఉందని నాకే తెలియదు. మనవరాలు తలెత్తి చూసి పడీ పడీ నవ్వింది.

"అమ్మమ్మా, నువ్వు నిజంగనే కొరియాల ఉన్నవా? మా ఫ్రెండ్స్‌కు చెప్తే ఒక్కరు గూడ నమ్ముతలేరు. గక్కడ ఏం జేస్తుంటివి?"

పిల్లలకు ఇంగ్లీషు చెప్పేదాన్ని అన్నాను.

"వాళ్లకా? నువ్వా?" అని మళ్లీ ఫోనులోకి తల దించుకుంది.

దానికి ఏ దురుద్దేశమూ లేదు. నేను ఏ ఇంగ్లీషు మాట పలికినా సరిదిద్దడం దానికొక ఆట. కానీ ఆ "నువ్వా" అన్న మాట నాకు కొత్తది కాదు. ఒకప్పుడు ఎందరో మర్యాదస్తుల ముఖాల మీద, పెదవి కదలకుండా, ఆ మాటే చదువుకున్నదాన్ని. ఆ సాయంత్రం వంట చేస్తున్నా, కూర మాడుతున్నా, నా మనసు కరీంనగర్‌లో లేదు.

మన తరం వాళ్లకు వేరే చెప్పక్కర్లేదు, ఇంగ్లీషు అంటేనే మనకు సగం చదువు, సగం సిగ్గు. నేను పుట్టి పెరిగింది సిరిసిల్లలో, మరమగ్గాల చప్పుడు మధ్య. మా బాపు ఇంకొకరి షెడ్డులో నాలుగు మగ్గాలు చూసుకునేవాడు. ఆ చప్పుడులో మామూలుగా మాట్లాడితే ఎవరికీ వినపడదు కనుక మా వాడలో ఆడా మగా అందరిదీ పెద్ద గొంతే, తిట్టినా ముద్దు చేసినా ఒకటే స్థాయి. ఆరో తరగతిలో గాని ఏబీసీడీలు దిద్దని నేను, పడుతూ లేస్తూ బీయీడీ చేసి, దూరవిద్యలో ఇంగ్లీషు ఎమ్మే కట్టి పూర్తి చేశానంటే అదంతా పుస్తకం చలవే. ఇంగ్లీషును కంటితో నేర్చుకున్నాను, చెవితో కాదు. ఏ మాట ఎలా పలకాలో చెప్పేవాళ్లు లేక, రాసినట్టే పలికాను. నాకు చెప్పిన సారు కూడా అలాగే పలికేవారు, ఆయనకు చెప్పిన సారు కూడా అంతే అయి ఉంటారు.

మొదటి ఉద్యోగం మహారాష్ట్ర సరిహద్దు దగ్గర ఇచ్చోడలో ఒక చిన్న ప్రైవేటు బడిలో. కొత్త టీచరుగా వెళ్లిన మొదటి రోజు పిల్లలంతా లేచి నన్ను "బాయీ, బాయీ" అని పిలవడం మొదలుపెట్టారు. మా వైపు బాయి అంటే నీళ్లు చేదుకునే బావి. నా పెద్ద గొంతు విని, లోతైన బావిలోంచి వస్తున్నట్టుందని ఎగతాళి చేస్తున్నారేమో అనుకుని వారం రోజులు లోలోపల కుమిలిపోయాను. తర్వాత మా ఇంటి ఎదురుగా ఉండే కిరాణం ఆయన భార్య చెప్పింది, మరాఠీలో పంతులమ్మను బాయి అనే పిలుస్తారని, అది గౌరవమని. అప్పుడు నవ్వుకున్నాను గాని, పరాయి మాటల మధ్య కొత్త టీచరు బతుకు ఎలా ఉంటుందో దేవుడు నాకు అక్కడే రుచి చూపించాడని తర్వాత చాలాసార్లు అనుకున్నాను.

పెళ్లయ్యాక కరీంనగర్ వచ్చి, ఒకే బడిలో ఇరవై ఏళ్లకు పైగా ఇంగ్లీషు చెప్పాను. కింది అంతస్తులో నేను పాఠం చెబితే మూడో అంతస్తులో పిల్లలకు వినపడేదని చెప్పుకునేవారు. అమ్మాయి పెళ్లి చేసిన ఏడాది, మా ఆయన పేపరులో ఒక ప్రకటన చూశారు. రెండు దేశాల మధ్య ఏదో ఒప్పందం జరిగిందట, మన దేశం నుంచి ఇంగ్లీషు సహాయ టీచర్లను కొరియా బడులకు తీసుకుంటారట. నాగపూర్ దాటి ఎరగని నేను, పాఠాల్లో పిల్లలకు లండను గురించీ మంచు గురించీ ఇరవై ఏళ్లు చెప్పిన నేను, ఒక్క ఏడాది నా కళ్లతో పరాయి దేశం చూడాలని ఆశపడ్డాను. హైదరాబాదులో ఇంటర్వ్యూకు పోయాను, ఎలాగో ఎంపికయ్యాను. మా ఇంటి యజమానురాలిని మేము ఖాలా అని పిలిచేవాళ్లం. ఆవిడ మాత్రం "గంత దూరం ఒక్కదానివి ఏం పోతవ్ బేటీ, జర సోంచాయించుకో" అంటూనే ఎండు ఖుబానీ పండ్లు మూటగట్టి ఇచ్చింది. మా ఆయన బాసర తీసుకుపోయి దండం పెట్టించారు. ఇక మా బాపు సంగతి చెప్పనే అక్కర్లేదు. షెడ్డు షెడ్డుకూ తిరిగి "మా బిడ్డ కొరియాల ఇంగ్లీషు చెప్పవోతుంది" అని మగ్గాల చప్పుడును మించి అరిచి చెప్పి వచ్చాడని నన్ను కన్న అవ్వ మురిసిపోతూ చెప్పింది.

నన్ను వేసిన ఊరు కొండల నడుమ చిన్న ఊరు. చుట్టూ ఆపిల్ తోటలు, వెల్లుల్లి పొలాలు. బడి చాలా శుభ్రంగా, మన పెద్దాసుపత్రుల కంటే తళతళలాడుతూ ఉంది. మొదటి రోజు నేను నీలం రంగు పట్టుచీర కట్టుకుని గేటు దగ్గర కారు దిగేసరికి పిల్లలు రెండు వరుసల్లో నిలబడి ఉన్నారు, అందరి చేతుల్లోనూ వాళ్లే రంగులు వేసుకున్న కాగితపు జెండాలు. చుక్కలు, ఎర్ర చారలు ఉన్న అమెరికా జెండాలు. ఇంగ్లీషు టీచరు వస్తుందంటే వాళ్లు ఆ దేశమే అనుకున్నారు, చెప్పినవాళ్లు సరిగా చెప్పలేదో ఏమో. నన్ను చూడగానే ఊపుతున్న చేతులు ఆగాయి, ముందు వరుసలో ఒక చిన్నపిల్ల, వాళ్ల టీచరు సైగ చేయగానే, జెండాను వీపు వెనక దాచుకుంది. తర్వాత ఒక్కొక్కరూ అలాగే దాచుకున్నారు. ఎవరూ నన్ను ఒక్క మాట అనలేదు. అందరూ వంగి నమస్కరించారు. నేనూ వంగాను, వంగినదాన్ని తల ఎత్తడానికి చాలాసేపు పట్టింది.

ఆ తర్వాత రోజులన్నీ చిన్న చిన్న సిగ్గులే. బడి లోపలికి బూట్లతో రాకూడదు, గుమ్మం దగ్గర చెప్పులు మార్చుకోవాలి, అంతవరకు తెలుసుకున్నాను. మరుగుదొడ్లో వాడే చెప్పులు వేరే ఉంటాయనీ, అవి అక్కడే విడిచి రావాలనీ తెలియక, రెండో రోజో మూడో రోజో వాటితోనే నడుచుకుంటూ ప్రిన్సిపాలు గదిలోకి వెళ్లి కూర్చున్నాను. ఆయన నా కాళ్ల వైపు ఒక్కసారి చూసి, చూపు తిప్పుకుని, కిటికీ తెరిచి, వాతావరణం గురించి మాట్లాడారు. బయటకు వచ్చాక అసలు సంగతి తెలిసి నాకు భూమిలోకి కుంగిపోవాలనిపించింది. భోజనాల దగ్గర ఇనుప పుల్లలతో తినడం చేతగాక అన్నం ఒళ్లో పోసుకునేదాన్ని. ఏ పులుసులో ఏ మాంసం ఉందో అడగడానికి మాట రాక, ఉత్త అన్నం, ముల్లంగి ముక్కలు తిని లేచేదాన్ని.

అన్నింటికంటే బాధపెట్టింది నా తల. మనం ఎదుటివాళ్లు సరిగ్గా చెబితే 'ఆఁ, అంతే' అన్నట్టు తల పక్కలకు ఆడిస్తాం కదా, అది మనకు తెలియకుండా జరిగే పని. ఒక రోజు ఎప్పుడూ నోరు విప్పని ఒక పిల్ల ఎంతో ధైర్యం చేసి లేచి, ఇంగ్లీషులో ఒక వాక్యం తప్పు లేకుండా చెప్పింది. నేను సంతోషంతో తల ఆడించాను. ఆ పిల్ల ముఖం పాలిపోయి, కళ్ల నిండా నీళ్లతో కూలబడింది. నేను కాదంటున్నాననుకుంది. నేను దగ్గరకు పోయి 'గుడ్, గుడ్' అంటూ ఇంకా గట్టిగా తల ఆడించాను, అది ఇంకా ఏడ్చింది.

ఆ క్లాసుల్లో నాకు జోడీగా ఒక కొరియా టీచరమ్మ ఉండేది. ముప్పై అయిదేళ్లుంటాయి, పొట్టి జుట్టు, ఎప్పుడూ ఒకదానితో ఒకటి నలుపుకునే చేతులు. ఇద్దరం కలిసి పాఠం చెప్పాలి. ఆమె నాతో మాట్లాడేది కాదు. నేను టీచర్ల గదిలోకి వస్తే ఏదో పని గుర్తొచ్చినట్టు లేచి వెళ్లిపోయేది. ఏదైనా చెప్పాల్సి వస్తే పసుపుపచ్చని చిన్న కాగితం మీద, ముత్యాల్లాంటి అక్షరాలతో, వ్యాకరణం తప్పు లేని ఇంగ్లీషులో రాసి నా బల్లకు అంటించి పోయేది. ఇంత చక్కటి ఇంగ్లీషు వచ్చినావిడ నాతో మాట్లాడదంటే నన్ను చిన్నచూపు చూస్తోందని కాక ఏమనుకోను? రంగు చూసి అనుకున్నాను, చీర చూసి అనుకున్నాను, చివరికి నా ఇంగ్లీషు విని అనుకున్నాను.

రెండు నెలలు గడిచాక ఒక రోజు వైస్ ప్రిన్సిపాలు నా బల్ల దగ్గరకు వచ్చారు. ఒక చేత్తో సీడీ ప్లేయరు, ఇంకో చేత్తో కమలాపండ్ల సంచి. ప్లేయరు బల్ల మీద దించి, ముందు పండ్లు రెండు చేతులతో ఇచ్చారు. తర్వాత చాలా నెమ్మదిగా, మాటిమాటికీ తల వంచుతూ చెప్పారు. పిల్లలు ఇంటికి వెళ్లి 'వెజిటేబుల్' అనీ 'వెడ్‌నస్‌డే' అనీ నేను పలికినట్టే పలుకుతున్నారట. తల్లులు కొందరు వచ్చి అడిగారట. పిల్లలకు ఒకే రకం ఉచ్చారణ అలవాటైతే మంచిది కదా, అందుకని ఇకనుంచి చదవడం సీడీ చూసుకుంటుంది, నేను బొమ్మల అట్టలు చూపిస్తే చాలు అన్నారు. కోపం తెచ్చుకునే సందు కూడా ఇవ్వనంత మర్యాదగా అన్నారు. నేను థాంక్యూ అన్నాను. ఎందుకన్నానో ఇప్పటికీ తెలియదు.

మర్నాటి నుంచి అదే నా పని. మీట నొక్కితే పెట్టెలోంచి ఒక అమెరికా అమ్మాయి గొంతు హుషారుగా పాఠం చదివేది. నేను పక్కన నిలబడి ఆపిల్ బొమ్మ, బస్సు బొమ్మ ఎత్తి చూపించేదాన్ని. మూడో అంతస్తు దాకా వినపడే గొంతు ఉన్నదాన్ని, ముందు వరుసకు కూడా వినపడకుండా నిలబడ్డాను. ఒక్కోసారి అలవాటు కొద్దీ ఆ గొంతుతో పాటు నా పెదవులు కదిలేవి. పిల్లలు కనిపెట్టి కిసుక్కున నవ్వేవారు.

అలా కొన్నాళ్లు గడిచాక, ఆ రోజు ఏడ్చిన పిల్లే క్లాసయ్యాక నా దగ్గరకు వచ్చింది. తన గొంతు మీద చెయ్యి పెట్టుకుని, ముఖం బాధగా పెట్టి, "టీచర్, పెయిన్?" అని అడిగింది. గొంతు నొప్పి వల్ల నేను మాట్లాడటం లేదని ఆ పిల్లకు తోచింది. కాదని చెప్పడానికి నా దగ్గర ఏ మాట ఉంది? మీ అమ్మలకు నా గొంతు నచ్చలేదమ్మా అని ఏ భాషలో చెప్పను? నా తల దాని ఇష్టం వచ్చినట్టు ఆడింది. ఈపాటికి నా తల ఆడటానికి అలవాటుపడ్డ ఆ పిల్ల దాన్ని అవును అనే అర్థం చేసుకుంది. తప్పు అర్థం చేసుకోవాల్సిన ఒక్క చోట నన్ను సరిగ్గా అర్థం చేసుకుంది.

మర్నాడు నా బల్ల మీద ఒక గాజు సీసా ఉంది. ఆ దేశంలో దబ్బపండులాంటి పండు ఒకటి ఉంటుంది, దాన్ని సన్నగా తరిగి తేనెలో ఊరబెడతారు, చలికాలంలో గొంతు పట్టేస్తే వేడినీళ్లలో కలుపుకుని తాగుతారు. ఆ పిల్ల తల్లి పంపింది. ఆ తర్వాత ఇంకో ఇంటి నుంచి ఇంకో సీసా, ఇంకొకరి నుంచి అల్లం ముక్కలు, ఇంకొకరి నుంచి చప్పరించే బిళ్లలు. టీచరుకు గొంతు బాగోలేదని పిల్లలు ఇళ్లల్లో చెప్పారన్నమాట. నా గొంతు వద్దని బడికి వచ్చి చెప్పిన తల్లులూ, ఆ గొంతు బాగుపడాలని సీసాలు పంపిన తల్లులూ ఒకరేనని తలచుకుంటే, ఆ తియ్యటి నీళ్లు నాకు గుటక పడేవి కావు. వాళ్లకు తెలియదు పాపం, ఆ నొప్పికీ తమ మాటకూ సంబంధం ఉందని. లేక తెలుసో. అలమారలో సీసాలు పెరుగుతుంటే నా సిగ్గు కూడా వాటితో పాటే వరుసగా కూర్చుంటున్నట్టు ఉండేది.

బాపుకు చెబుదామనుకున్నాను. మా ఆయనకు చెబితే వెంటనే వచ్చెయ్యమంటారు, అమ్మాయికి చెబితే ఏడుస్తుంది, బాపు అయితే ఏదో ఒకటి అని తేల్చేస్తాడు. కానీ జన్మంతా మగ్గాల మధ్య ఉండటంతో బాపుకు చెవులు సరిగ్గా వినపడవు, ఫోనులో అరిచి చెప్పాలి. నేనుండే గదిలో అరిస్తే పక్కింటివాళ్లు గోడ తడతారు. అందుకని ఒక సాయంత్రం కోటు తొడుక్కుని, ఊరి చివర ప్లాస్టిక్ కాగితం కప్పిన వెల్లుల్లి పొలాల గట్టు మీదికి పోయి ఫోను చేశాను.

"బాపూ, వీళ్లు నా గొంతు వద్దంటున్నరు!"

"ఏందీ? ఇనస్తలేదు బిడ్డా, జర గట్టిగ చెప్పు."

"నా గొంతు... నా గొంతు మంచిగ లేదంటున్నరు బాపూ!"

"గొంతు మంచిగ లేదా? ఎప్పటిసంది? గా మంచుల తిరుగుతున్నవా ఏంది? మిరియాలు, శొంఠి ఏసి మరగవెట్టుకొని తాగు. సల్లటి నీళ్లు ముట్టకు." అని ఫోను పక్కకు పట్టి, "ఓ ఇగో, బిడ్డకు గొంతు వోయిందట!" అని మా అవ్వకు కేకేశాడు.

మగ్గాలు ఆడుతున్న చప్పుడు ఫోనులోంచి వినపడుతోంది. ఎన్ని రోజులకో నా గొంతు నిండుగా బయటకు వచ్చింది, ఆ ఖాళీ పొలాల్లో కొండ దాకా పోయి తిరిగి వచ్చింది, కానీ చెప్పాల్సిన మాట మాత్రం చేరలేదు. మళ్లీ చెప్పే ఓపిక లేకపోయింది. సిగ్గును ఒకసారి అరిచి చెప్పగలం, రెండోసారి అరవలేం.

"అవును బాపూ, నొస్తుంది. తాగుత," అన్నాను.

జనవరిలో సెలవులైనా ఇంగ్లీషు క్లాసులు నడిచేవి. ఒక మధ్యాహ్నం మంచు బాగా కురిసి బస్సులు ఆగిపోయాయి. నేను స్టాపులో నిలబడి ఉంటే జోడీ టీచరమ్మ కారు ముందుకు పోయి, ఆగి, వెనక్కి వచ్చింది. ఆమె తలుపు తెరిచింది, నేను ఎక్కాను, ఇద్దరం ఒక్క మాట మాట్లాడలేదు. ఊరి బయట మలుపులో కారు మెల్లగా జారి, రోడ్డు పక్కన మంచు గుట్టలో ముక్కు దూర్చి ఆగిపోయింది. దెబ్బలేం తగల్లేదు. ఆమె ఫోను చేసింది, లాగే బండి వచ్చేసరికి చాలాసేపు పడుతుందని నాకు చేతి గడియారం చూపించి సైగ చేసింది. పసుపుపచ్చ కాగితాలు బడిలో ఉండిపోయాయి, దిగి పోవడానికి చోటు లేదు. అద్దాల చుట్టూ తెల్లగా మంచు, లోపల మేమిద్దరం.

కొంతసేపటికి ఆమె స్టీరింగు వైపే చూస్తూ, పెదవులతో రెండు మూడుసార్లు చప్పుడు లేకుండా సాధన చేసుకుని, అంది. "ఐ యామ్ షేమ్."

సిగ్గుపడుతున్నాను అనబోయి, నేనే సిగ్గును అంది. ఇరవై ఏళ్లు అలాంటి తప్పులే దిద్దిన టీచర్ని, నాకు ఆ వాక్యంలో దిద్దాల్సింది ఏమీ కనపడలేదు.

తర్వాత మాట మాట కూడదీసుకుంటూ చెప్పింది. ఆమె చదువంతా పుస్తకాలతో, కేసెట్లతో గడిచిందట. పరీక్షల్లో ఎప్పుడూ మొదటి వరుసే. కానీ కాలేజీలో మొట్టమొదట నోరు విప్పి ఇంగ్లీషు మాట్లాడిన రోజు పంతులుగారు నవ్వారట, క్లాసంతా నవ్విందట. ఆ తర్వాత ఇంగ్లీషు టీచరై పదేళ్లు దాటినా, పరాయి దేశపు మనిషితో ఒక్క మాట మాట్లాడలేదు. నేను వచ్చిననాటి నుంచీ ఆమెకు నిద్ర లేదు. మాట్లాడితే తనకు ఇంగ్లీషు రాదని నేను కనిపెడతాననీ, ప్రిన్సిపాలుకు చెబుతాననీ భయం. నేను టీచర్ల గదిలో ముఖం ముడుచుకుని కూర్చుంటే, తన మీద కోపమనుకుంది.

నేనూ నా సంగతి చెప్పాను. నువ్వు నన్ను చీదరించుకుంటున్నావనుకున్నాను అన్నాను. ఒకే గదిలో ఎదురెదురు బల్లల దగ్గర కూర్చుని నెలల తరబడి ఒకరికొకరం జడుసుకున్నామన్నమాట. ఆమె బస్సును "బొసూ" అంటుందని ఆ రోజే విన్నాను, జ్యూసును "జుసూ" అంటుంది. మా వైపు కూడా బస్సు, జ్యూసు అనే అంటాం అని చెప్పాను. ఇంగ్లీషు మాటకు తోక తగిలించనిదే తోచని జాతులు ప్రపంచంలో రెండున్నాయని ఇద్దరం కళ్లలో నీళ్లొచ్చేలా నవ్వాం. లాగే బండి వచ్చి అద్దం మీద తడితే గాని ఆపలేదు.

వసంతకాలం వచ్చింది. ఆ దేశంలో ఏడాదికోసారి తల్లులు వచ్చి వెనక కూర్చుని పాఠం చూసే రోజు ఒకటి ఉంటుంది. ముందురోజే వైస్ ప్రిన్సిపాలు సీడీ ప్లేయరు తుడిపించి బల్ల మీద పెట్టించారు. ఆ ఉదయం నేను బొమ్మల అట్టలు సర్దుకుంటున్నాను. తల్లులు చక్కటి కోట్లు తొడుక్కుని వచ్చి వెనక కుర్చీల్లో సర్దుకున్నారు. జోడీ టీచరమ్మ లోపలికి వచ్చి, సీడీ ప్లేయరు వైరు గోడలోంచి పీకి, చుట్ట చుట్టి, పెట్టెను కిటికీ గట్టు మీద పెట్టింది. వైస్ ప్రిన్సిపాలు తలుపు దగ్గరే నిలబడి ఉన్నారు.

ఆమె తల్లుల వైపు తిరిగి, నలుపుకుంటున్న చేతులు విడదీసి, ఇంగ్లీషులో గుడ్ మార్నింగ్ చెప్పింది. పదేళ్లలో ఆ తల్లులెవరూ ఆమె నోట ఇంగ్లీషు విని ఉండరు. తర్వాత పిల్లల వైపు తిరిగి అంది. "టుడే, టీచర్ త్రోట్ ఈజ్ ఓకే."

పిల్లలు ఒక్క క్షణం ఆగి, అర్థమయ్యాక ఒక్కసారిగా చప్పట్లు కొట్టారు. సీసా తెచ్చిన ఆ పిల్ల కుర్చీలోంచి లేచి మరీ కొట్టింది. వెనక కుర్చీల్లో ఒకరిద్దరు తల్లులు తమ ఒళ్లోని సంచీల వైపు చూసుకున్నారు. ఒకావిడ చేత్తో నోరు మూసుకుంది, నవ్వుకో ఇంకెందుకో నాకు తెలియలేదు. నాకు ఆ చప్పట్లు వింటుంటే సంతోషం వేయాలి కదా, కానీ చెప్పొద్దూ, ఒళ్లంతా సిగ్గుతో కాలిపోయింది. రాని జబ్బు నయమైనందుకు చిన్నపిల్లలు చేస్తున్న సంబరం అది.

పాఠం చెప్పాను. మొదటి నాలుగు వాక్యాలు నా గొంతు నాకే కొత్తగా వినిపించింది, తర్వాత సిరిసిల్ల గొంతు దానంతటదే వచ్చేసింది. అద్భుతమేమీ జరగలేదు. 'వెజిటేబుల్' మళ్లీ నాలాగే పలికాను, వెనక ఎవరో గుసగుసలాడారు. అయ్యాక ఒక తల్లి మాత్రం దగ్గరకు వచ్చి, ఏమీ అనకుండా, నడుము బాగా వంచి నమస్కరించి వెళ్లింది. అది క్షమాపణో, మామూలు మర్యాదో అడిగే భాష నాకు రాదు. వైస్ ప్రిన్సిపాలు ఆ తర్వాత సీడీ ప్లేయరు సంగతి ఎత్తలేదు, ఏడాది ముగిశాక నన్ను ఉండమని కూడా అనలేదు. నా తర్వాత ఎర్రజుట్టు కుర్రాడు ఒకతను వచ్చాడని జోడీ టీచరమ్మ ఫోనులో చెప్పింది. అతనితో తనే ముందుగా మాట్లాడిందట. కొన్నేళ్లు పండుగలకు ఫోన్లు చేసుకున్నాం. తర్వాత నంబర్లు మారాయో, మనుషులమే మారామో, ఆ ఫోన్లు ఆగిపోయాయి.

తిరిగొచ్చాక సిరిసిల్ల వెళితే వాడంతా చూడ్డానికి వచ్చింది. కొరియావాళ్లు ఎంత గౌరవిస్తారో బాపు అందరికీ చెప్పి ఉంచాడు. అందరూ వెళ్లాక నన్ను దగ్గర కూర్చోబెట్టుకుని, "గొంతు తక్కువైందా బిడ్డా?" అని అడిగాడు. "తక్కువైంది బాపూ," అని అరిచి చెప్పాను. ఆయన పోయేవరకూ అంతకు మించి చెప్పలేదు. చెప్పినా వినపడేది కాదని సర్దిచెప్పుకుంటాను.

ఇప్పుడు కాలం వేరు. మా మనవరాలు ఏ భాషనైనా ఫోనులో విని, వచ్చినంత మాట్లాడేస్తుంది, తప్పు పలికితే తనే నవ్వుకుంటుంది. మనం మోసిన సిగ్గు బరువు దాని భుజం మీద లేదు, అది నాకు సంతోషమే. కానీ మొన్న శనివారం దాని బడిలో పెద్దవాళ్ల మీటింగుంటే నేనే వెళ్లాను. ప్రతి క్లాసులోనూ గోడకు పెద్ద తెర. తలుపు పక్కన నిలబడి చూశాను. తెరలోంచి ఏదో దేశపు గొంతు చక్కగా, ఎక్కడా తడబడకుండా పాఠం చెబుతోంది. పక్కన ఒక టీచరమ్మ నిలబడి ఉంది, మా అమ్మాయి కంటే చిన్నది, మన వైపు పిల్లే, ఎవరి బిడ్డో. చేతిలో రిమోటు. పాఠం ముందుకు జరగాల్సినప్పుడు నొక్కుతోంది. ఆమె ముఖంలో బాధ లేదు, సిగ్గు లేదు, అది ఆమె పని. నా పక్కన నిలబడ్డ తల్లులు ఎంత బాగా చెబుతున్నారో అని మెచ్చుకుంటున్నారు. నేను చాలాసేపు నిలబడ్డాను, ఒక్క మాటైనా అంటుందేమోనని. గంట కొట్టారు, పిల్లలు బయటకు పరిగెత్తారు, ఆమె తెర ఆపేసి ఇంకో తలుపు నుంచి వెళ్లిపోయింది. ఆమె గొంతు ఎలా ఉంటుందో తెలియకుండానే ఇంటికొచ్చాను.